డీజీటీఆర్ యాంటీ డంపింగ్ విచారణ: పని బాగుంది, చివరి మెట్టే జారుడు

విదేశీ కంపెనీలు తమ దేశంలోని ధర కన్నా తక్కువకు ఇక్కడ సరుకు దించడమే డంపింగ్. అలాంటి చవక దిగుమతులతో దెబ్బతిన్న పరిశ్రమ ముందుగా తట్టాల్సిన తలుపు డీజీటీఆర్ (డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్). 2018లో వాణిజ్య శాఖ కింద ఈ రూపం తీసుకున్న ఈ సంస్థ విచారించి సిఫారసు చేస్తుంది, అంతే. యాంటీ డంపింగ్ సుంకం వేసేది ఆర్థిక శాఖ.

దరఖాస్తుకు మద్దతిచ్చే కంపెనీల ఉత్పత్తి ఆ సరుకు దేశం మొత్తం ఉత్పత్తిలో కనీసం 25 శాతం ఉండాలి, వ్యతిరేకించేవారి ఉత్పత్తిని మించాలి. చిన్న యూనిట్లు ఊరికొకటిగా చెదిరిన రంగాల్లో బండి ఇక్కడే ఆగిపోతుంది. రెండో అడ్డంకి ఖాతా పుస్తకాలు. ఒకే ప్లాంటులో నాలుగు సరుకులు తయారవుతుంటే కరెంటు, కూలి, తరుగుదల దేనికెంతో విడదీసి చూపాలి. ఆ విభజన తనిఖీలో నిలవకపోతే నష్టం రుజువు కాదు.

విచారణ తీరు మాత్రం మెచ్చుకోదగ్గది. రహస్య వివరాలు తీసేసిన ప్రతి ఎదుటిపక్షానికి అందుతుంది, మౌఖికంగా వాదించే అవకాశం ఉంటుంది, తుది నిర్ధారణకు ముందే ముఖ్యాంశాలు చేతికిచ్చి అభ్యంతరాలు అడుగుతారు. డంపింగ్ మార్జిన్ (సొంత దేశంలోని ధరకు, ఇక్కడికి పంపిన ధరకు తేడా) 30 శాతం, నష్టం మార్జిన్ (ఇక్కడి పరిశ్రమకు గిట్టుబాటయ్యే ధర కన్నా దిగుమతి ధర ఎంత తక్కువో) 18 శాతం అని తేలితే సిఫారసు 18కే. ఆ సరుకును ముడిపదార్థంగా వాడే పరిశ్రమలకు ఇది పెద్ద ఊరట.

విచారణ గడువు ఏడాది, మరో 6 నెలలు పెంచవచ్చు. తర్వాత ఆర్థిక శాఖకు 3 నెలలు. 2020 తర్వాత చాలా సిఫారసులు అక్కడే ఆగిపోయాయి. అన్ని నెలలు లెక్కలు అప్పజెప్పిన పరిశ్రమకు ఎందుకు కాదన్నారో వివరంగా రాసి ఇవ్వకపోవడం అన్యాయం. ఈ సేవలో అసలు లోపం ఇదే.

దిగుమతిదారులు సుంకం విధించే నోటిఫికేషన్ పట్టికను గడి గడీ చదవాలి. టారిఫ్ కోడ్ (కస్టమ్స్ సరుకుకు ఇచ్చే వర్గీకరణ సంఖ్య) వేరుగా ఉంది కాబట్టి మనకు పడదనుకోవడం ప్రమాదం. చాలా నోటిఫికేషన్లలో కోడ్ సూచన మాత్రమే, సరుకు వర్ణనదే పైచేయి. ఉత్పత్తిదారు గడిలో ఉన్న పేరు మీ పత్రాల్లోని తయారీదారు పేరుతో అక్షరాలా కలవాలి. అమ్మిన ట్రేడర్ పేరు చూసి సరిపోయిందనుకుంటే, సరుకు ‘ఇతర ఉత్పత్తిదారులు’ వరుసలోకి పోతుంది. సాధారణంగా అక్కడే రేటు ఎక్కువ. సుంకం టన్నుకు ఇన్ని డాలర్లని ఉంటే, బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) సమర్పించిన రోజు మారకపు రేటుతో రూపాయల్లోకి మారుస్తారు. ఆ సుంకం మీద ఐజీఎస్టీ (దిగుమతులపై వేసే జీఎస్టీ) కూడా పడుతుంది. కొటేషన్ వేసేటప్పుడు ఇది మరిచిపోయేవాళ్లు ఎక్కువ.

సుంకం ఆయుష్షు మామూలుగా 5 ఏళ్లు. గడువులోపు దాన్ని కొనసాగించాలా అన్న సమీక్ష మొదలైతే ఇంకో ఏడాది వరకు పొడిగించవచ్చు, కానీ అది దానంతటదే జరగదు. పొడిగింపు నోటిఫికేషన్ పాతది ముగిసేలోపే రావాలి. ఒక్క రోజు దాటినా పాత సుంకాన్ని పొడిగించడం కుదరదు.