చిన్న కెమెరాకి తక్కువ రేటులో ట్రైపాడ్, బయటి ఫ్లాష్: కోనసీమలో చాన్నాళ్లు వాడాక నా మాట

నా దగ్గరున్నది కెనాన్ పవర్‌షాట్ జీ12. 2010లో వచ్చిన మోడల్, పాతదే, కానీ పైన హాట్ షూ (బయటి ఫ్లాష్ తగిలించే గాడి) ఉంది, స్క్రీన్ బయటికి తిరుగుతుంది, వైర్ రిమోట్ పెట్టుకోవచ్చు, అందుకే ఇప్పటికీ అమ్మలేదు. ఇలాంటి చిన్న కెమెరాకి ఏ ట్రైపాడ్ తీస్కోవాలి, ఏ ఫ్లాష్ తీస్కోవాలి అని మా వైపు కుర్రాళ్లు అడుగుతుంటారు. ఎవరడిగినా నేను చెప్పేది ఒకటేనండి, ట్రైపాడ్‌లో హెడ్ (కెమెరా బిగించే పై భాగం) చూసి కొనండి, ఫ్లాష్‌లో మాత్రం ఆటోమేటిక్‌దాని కోసం వేలకు వేలు పెట్టొద్దు, పవర్ మనమే పెట్టుకునే చవక మాన్యువల్ ఫ్లాష్ తీస్కుని దాన్ని కెమెరా మీంచి తీసి పక్కన పట్టుకోండి.

ముందు ట్రైపాడ్ సంగతి. కెమెరా నాలుగొందల గ్రాములే కదా, ఏదైనా సరిపోద్ది అనుకుంటారు చాలామంది. పైన ఫ్లాష్ పెట్టగానే ఆ లెక్క మారిపోద్ది, ఎందుకంటే నా యోంగ్నువో ఫ్లాష్‌లో నాలుగు పెన్ సెల్స్ వేస్తే అది కెమెరా కన్నా బరువు, ఆ బరువంతా పైనే ఉంటుంది. నిలువు ఫోటో కోసం హెడ్ పక్కకి వంచామంటే ప్లాస్టిక్ హెడ్ ఎంత బిగించినా మెల్లమెల్లగా జారిపోద్ది, కింద స్క్రూ దగ్గర కెమెరా కూడా తిరిగిపోద్ది. నేను మొదట్లో కొన్న ట్రైపాడ్ ఇదే పని చేసేది, పేరు చెప్పను గానీ డబ్బా మీద మాత్రం మూడు కేజీలు మోస్తుందని రాసుంది. ఆ అంకె చూసి కొనకండి. షాపులోనే కెమెరా, ఫ్లాష్ రెండూ బిగించి, లెన్సు ఫుల్ జూమ్ చేసి, ఎదురుగా గోడ మీద ఏదో ఒక గీతకి ఫ్రేము కలిపి చెయ్యి తీసేయండి, గీత స్క్రీన్ మీద పైకి జరిగిపోతుంటే హెడ్ కిందకి దిగుతున్నట్టే, తిరిగిచ్చేయండి. కెమెరా కింద బిగించే ప్లేటు మీద రబ్బరు మందంగా ఉండాలి, స్క్రూ నాణెంతో బిగించేది అయితే ఇంకా మంచిది. ఇంకోటి, చిన్న కెమెరాల్లో చాలావాటికి ట్రైపాడ్ స్క్రూ రంధ్రం బ్యాటరీ మూత పక్కనే ఉంటుంది, ప్లేటు పెద్దదైతే మూత తెరుచుకోదు, బ్యాటరీ మార్చాలన్నా కార్డు తియ్యాలన్నా ప్రతిసారీ ప్లేటు విప్పాల్సిందే. పెళ్లిలో ఇది ఎంత విసుగో చెప్పలేను.

కాళ్ల విషయానికొస్తే మా నేలకి క్లిప్ లాకులే మేలు. అంతర్వేదిలో సముద్రం గోదావరి కలిసే చోట ఇసక ఎంత సన్నగా ఉంటుందో వెళ్లినవాళ్లకి తెలుసు, తిప్పి బిగించే లాకుల మరల్లోకి అది దూరిందంటే కరకరమని అరుగుతూనే ఉంటాయి, విప్పి కడిగితే తప్ప పోదు. ఇసకలో గానీ నీళ్లలో గానీ పెట్టేటప్పుడు అందరూ పై గొట్టాలు ముందు లాగుతారు, మీరు అన్నిటికన్నా కింద ఉండే సన్న గొట్టం ముందు లాగండి, అప్పుడు లాకులన్నీ నీటికి పైన ఉంటాయి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, కాళ్లు చాచి నీడలో ఆరబెట్టండి. అల్యూమినియం కాళ్లకి పెద్దగా ఏం కాదు, ఆ స్క్రూలే ఉప్పు గాలికి తుప్పు పట్టేస్తాయి.

గట్టు మీద గాలికి ఊగకుండా మధ్యలో ఉన్న కొక్కేనికి సంచి తగిలిస్తాం కదా, అది గాల్లో వేలాడితే ఇంకా ఊపుతుంది, అడుగు నేలకి ఆనేలా కట్టాలి. రాజమండ్రిలో పుష్కర ఘాట్ నుంచి రాత్రిపూట బ్రిడ్జిలు తీసేటప్పుడు మధ్య గొట్టం అస్సలు పైకి లేపను, చేతి వణుకు సర్దే స్టెబిలైజర్ ఆపేస్తాను, రెండు సెకన్ల టైమర్ పెడతాను, ఎనిమిది పది సెకన్లు తెరిచినా లైట్లు చుక్కల్లా నిలబడతాయి. సఖినేటిపల్లి నుంచి నర్సాపురం వెళ్లే పంటు (గోదావరి దాటించే ఇంజిను పడవ) మీద మాత్రం ట్రైపాడ్ దండగ, ఇంజిను వణుకు కాళ్ల గుండా నేరుగా కెమెరాలోకి వచ్చేస్తుంది, అక్కడ ఐఎస్ఓ (కెమెరా వెలుగుని ఎంత పట్టుకోవాలో చెప్పే అంకె) పెంచి చేత్తో తీసుకోవడమే.

ఇక ఫ్లాష్. నా యోంగ్నువో మోడల్ వైఎన్560 త్రీ, పూర్తిగా మాన్యువల్. ఆటో లేదు కాబట్టి రెండు మూడు టెస్ట్ ఫోటోలు తీసి పవర్ సెట్ చేస్కోవాలి, డిజిటల్‌లో అది ఎంతసేపు? ఇంకా తక్కువలో కావాలంటే గోడాక్స్ టీటీ560 ఉంది, దాని గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం చెప్పే అంకె) 38, అంటే ఐఎస్ఓ 100 మీద లెన్సు రంధ్రం ఎఫ్ 4 పెడితే తొమ్మిదిన్నర మీటర్ల దాకా వెలుగు సరిపోద్ది. వైఎన్‌కి రాసిన 58 చూసి పోల్చకండి, అది వెలుగు సన్నగా దూరం పడేలా ఫ్లాష్ హెడ్ 105 జూమ్‌లో పెట్టి కొలిచింది.

చిన్న కెమెరాకున్న గొప్ప లాభం ఇక్కడ చెప్పాలి. డీఎస్ఎల్ఆర్‌లో ఫ్లాష్ వాడితే మామూలుగా షట్టర్ 1/200, 1/250 సెకను దాటదు, దాటితే ఫ్రేములో కొంత నల్లబడుతుంది, మనదాంట్లో షట్టర్ లెన్సులోనే ఉంటుంది కాబట్టి 1/500 పెట్టినా ఫ్రేము సగం నల్లబడదు. దీని విలువ జగ్గన్నతోట ప్రభల తీర్థంలో తెలిసింది నాకు. కనుమ నాడు మధ్యాహ్నం ఎండ నెత్తి మీద ఉంటుంది, భుజాల మీద ఊరేగించే ఎత్తైన ప్రభ మీద రంగు గుడ్డలు మెరిసిపోతుంటాయి, కింద భుజం పట్టినోళ్ల మొహాలు మాత్రం ఆ నీడలో నల్లగా ఉండిపోతాయి. షట్టర్ 1/500, ఫ్లాష్ సగం పవర్, దాన్ని హాట్ షూకి వైరుతో కలిపి ఎడమ చేత్తో పక్కకి పైకి ఎత్తి పట్టుకుంటే ఆకాశం నీలంగానే ఉంటుంది, చెమట పట్టిన మొహాలూ కనపడతాయి. ఫుల్ పవర్ ఎందుకు పెట్టనంటే, అప్పుడు ఫ్లాష్ వెలుగే 1/200 సెకను దాకా సాగుతుంది, షట్టర్ అంతకన్నా ముందే మూసుకుంటే మిగతా వెలుగు వృథా. ఆ గుంపులో ట్రైపాడ్ చాచే చోటుండదు, మూడు కాళ్లూ దగ్గరికి చేర్చి కర్రలా ఆన్చుకుంటాను.

ఇళ్లల్లో సీలింగ్‌కి కొట్టి వెలుగు తెప్పించమని అందరూ చెప్తారు, శ్లాబు ఇంట్లో సున్నం తెల్లగా ఉంటే నిజమే. మా మండువా లోగిళ్లలో పైన చెక్క, అదీ ముదురు రంగు, ఎంత వెలుగు కొట్టినా మింగేస్తుంది, వచ్చిన కాస్తా పసుపుగా వస్తుంది. అక్కడ పక్కన తెల్ల గోడకి తిప్పుతాను, గోడ లేకపోతే స్టేషనరీ షాపులో దొరికే థర్మాకోల్ షీటు ఒకళ్లని పట్టుకోమంటాను. ధనుర్మాసంలో పొద్దున్నే కాలవ గట్ల మీద మంచులో తీసినా ఇదే సూత్రం, లెన్సు పక్కనే ఫ్లాష్ ఉంటే ఎదురుగా ఉన్న తుంపర్లన్నీ తెల్ల బొట్లై ఫోటో నిండా పడతాయి, మూరెడు పక్కకి జరిపితే చాలా వరకు పోతాయి.

మీ కెమెరాకి హాట్ షూ లేకపోతే, అంటే సోనీ ఆర్ఎక్స్100 మొదటి మోడల్, కెనాన్ జీ7ఎక్స్ లాంటివైతే, స్లేవ్ మోడ్ ఉన్న ఫ్లాష్ చూడండి, కెమెరా ఫ్లాష్ వెలగ్గానే అది చూసి ఇదీ వెలుగుతుంది. అందులో ఎస్1, ఎస్2 అని రెండు స్లేవ్ మోడ్‌లూ ఉండాలి. చిన్న కెమెరాలు అసలు ఫోటోకి ముందు ఒకసారి కొలత కోసం ఫ్లాష్ కొడతాయి, ఎస్1లో ఉంటే మనది దానికే వెలిగిపోయి ఫోటో టైముకి ఖాళీగా ఉంటుంది. ఎస్2 ఆ మొదటిదాన్ని వదిలేస్తుంది. ఎస్1లోనే వదిలేస్తే కళ్లకి ఫ్లాష్ వెలిగినట్టే కనపడుతుంది, ఫోటోలో ఉండదు, దాంతో పీస్ పోయిందని వెనక్కి పంపేసినోళ్లు ఉన్నారు. ఎండలో మాత్రం స్లేవ్ నమ్మకం లేదు, వైరో రేడియో ట్రిగ్గరో కావాలి, వాటికి హాట్ షూ ఉన్న కెమెరానే ఉండాలి.

సెల్స్ చార్జింగువి, ఎనీలూప్ లాంటివే వాడండి, మామూలు ఆల్కలైన్ కన్నా ఫ్లాష్ తొందరగా రెడీ అవుద్ది. వాన కాలంలో వాడకపోతే సెల్స్ తీసేసి, ఫ్లాష్‌నీ కెమెరానీ గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, లేదంటే మన తేమకి లెన్సులో బూజొస్తుంది. ఇక ఫిలిం రోజుల నాటి ఫ్లాష్ ఎవరైనా ఊరికే ఇస్తామన్నా మల్టీమీటర్‌తో ట్రిగ్గర్ వోల్టేజ్ (ఫ్లాష్ అడుగున కెమెరాకి తగిలే చోట ఉండే వోల్టేజ్) చూడకుండా కెమెరా మీద పెట్టకండి, కొన్నిట్లో 200 వోల్టులు దాటి ఉంటుంది, చిన్న కెమెరా సర్క్యూట్ దానికి తట్టుకోదు.