మా బడి ల్యాబులో ఓపెన్ సోర్స్: కొన్నేళ్లు వాడి చూశాక

విండోస్ స్థానంలో లినక్స్ మింట్, ఎంఎస్ ఆఫీస్ స్థానంలో లిబ్రేఆఫీస్, గణితానికి జియోజీబ్రా, చిన్నపిల్లల ఆటపాఠాలకు జీకాంప్రి. సికింద్రాబాద్ వైపు ఒక మామూలు ప్రైవేటు బడిలో మా కంప్యూటర్ ల్యాబు కొన్నేళ్లుగా వీటి మీదే నడుస్తోంది. నేను గణితం చెబుతాను, ల్యాబు బాధ్యతా నాదే. ఇంతకాలం వాడాక గట్టిగా చెప్పగలను: పిల్లలకు నేర్పడం తేలిక, వారంలో అలవాటు పడతారు. ఓపిక కావలసింది ఉపాధ్యాయుల శిక్షణకు. దాన్ని ప్రశ్నపత్రంతో మొదలుపెట్టాలి.

ముందు యంత్రాల సంగతి. మావి 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లు. వాటి మీద మింట్‌లో తేలికపాటి రకమైన ఎక్స్‌ఎఫ్‌సీఈ హాయిగా నడుస్తుంది. ఖర్చంతా ఎస్‌ఎస్‌డీలకే, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో కొని పాత హార్డ్‌డిస్కుల స్థానంలో వేయించాం. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మద్దతు ముగిసినప్పుడు, తెలిసిన బడుల్లో కంప్యూటర్లు మార్చాలా అని తర్జనభర్జన పడ్డారు. మా ల్యాబులో ఆ రోజూ పాఠాలు ఎప్పటిలాగే జరిగాయి.

ఇక ప్రశ్నపత్రం. మా తెలుగు మేడమ్ దగ్గర ఏళ్ల తరబడి డీటీపీ సెంటర్లో కొట్టించిన పత్రాలున్నాయి. లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం. "ఇందులో తెలుగు రాదు" అని ఆవిడ తేల్చేశారు. తప్పు లిబ్రేఆఫీస్‌ది కాదు. ఆ పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చుతాయి. ఆ ఫాంటు లేని చోట తెలుగే ఉండదు. యూనికోడ్‌లో అలా కాదు, ఫైలులో ఉండేది తెలుగు అక్షరమే. ఒక పత్రాన్ని యూనికోడ్‌లో టైపు చేయించి ఆవిడ ఫోనుకు పంపాను. అక్కడా చక్కగా తెరుచుకుంది. ఆ తర్వాత నేను బతిమాలవలసిన అవసరం రాలేదు. లినక్స్‌లో తెలుగు టైపు చేయించే ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ కీబోర్డు అమరికలన్నీ దొరుకుతాయి కాబట్టి వేళ్లకున్న పాత అలవాటు మార్చుకోనక్కరలేదు. మండలి, రామభద్ర, సురవరం వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతోనే, అంటే ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకునే వీలుతో వస్తాయి. అచ్చులో అందంగా ఉంటాయి. ఉర్దూ సార్‌కు నోటో నస్తాలిక్ ఫాంటు పెట్టిచ్చాం. కుడి నుంచి ఎడమకు రాసే ఉర్దూ, తెలుగు ఒకే పత్రంలో పక్కపక్కన అచ్చవడం చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. మన హైదరాబాద్ బడికి ఇంతకంటే ఏం కావాలి!

బయటి నుంచి వచ్చే వర్డ్ ఫైళ్లలో పట్టికలు చెదిరిపోతున్నాయన్న ఫిర్యాదు తరచూ వస్తుంది. చాలాసార్లు కారణం కాలిబ్రి, కేంబ్రియా ఫాంట్లు లేకపోవడం. అదే కొలతలతో ఉచితంగా దొరికే కార్లిటో, కలాడియా వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

నాకు బాగా నచ్చినది జియోజీబ్రా. పదో తరగతి వర్గ బహుపదుల పాఠంలో ఎక్స్ వర్గపు గుణకానికి ఒక స్లైడర్ పెట్టి, దాన్ని పిల్లల చేతికే ఇస్తాను. విలువ తగ్గేకొద్దీ పరావలయం విచ్చుకుంటుంది, సున్నా దగ్గర సరళరేఖ అవుతుంది, ఋణమైతే బోర్లా పడుతుంది. "సున్నా దగ్గర గీత ఎందుకైంది?" అని వాళ్లే అడుగుతారు. నల్లబల్ల మీద ఎన్ని గ్రాఫులు గీసినా ఆ ప్రశ్న ఇంత తొందరగా వచ్చేది కాదు. ఒక్క మాట: దీని లైసెన్సు వాణిజ్యేతర వాడకానికే ఉచితం, కాబట్టి మిగతా మూడింటితో సమానంగా పూర్తి స్వేచ్ఛ గలదని పిల్లలకు చెప్పను.

చిన్న తరగతులకు జీకాంప్రి చాలు. మౌసు పట్టుకోవడం, అంకెలు, బొమ్మలు, అన్నీ ఆటల్లోనే వచ్చేస్తాయి.

సొంతంగా నేర్చుకునే ఉపాధ్యాయులకు ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు చూపిస్తాను. పొట్టి వీడియోలు, కొన్ని తెలుగు వ్యాఖ్యానంతోనూ ఉన్నాయి. వీడియో ఆపుతూ, పక్కనే చేసి చూస్తే బుర్రకెక్కుతుంది. ఇక నగరంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రచారం చేసే స్వేచ్ఛ సంస్థ ఉండడం ఒక ధైర్యం.

లోటు లేదా అంటే ఉంది. ప్రింటరు కొనే ముందు లినక్స్‌లో పనిచేస్తుందో లేదో కనుక్కోవాలి, దుకాణదారుకు తరచూ తెలియదు. కామర్స్ చదవబోయే పిల్లలకు ఉద్యోగాల్లో అడిగేది ట్యాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్. అలాంటిదే ఓపెన్ సోర్స్‌లో దొరికే గ్నూక్యాష్‌తో జమాఖర్చుల సూత్రం బాగా నేర్పవచ్చు గాని, మన జీఎస్టీ పద్ధతి అందులో సిద్ధంగా ఉండదు. అందుకే ఒక కంప్యూటర్‌లో విండోస్ ఉంచాం, ఆ పిల్లల కోసం ఇంకా ఉంచుతాం.