ఊరి బడా, బధిరుల పాఠశాలా?

మా అక్క కూతురికి పుట్టుకతోనే వినపడదు. ఆరో ఏడు రాగానే ఇంట్లో ఒకటే చర్చ: వీధి చివరి సర్కారు బడిలో వేయాలా, టౌన్లోని బధిరుల పాఠశాల హాస్టల్లో చేర్చాలా?

చట్టం అడ్డు చెప్పదు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలోనైనా, ప్రత్యేక పాఠశాలలోనైనా ఉచితంగా చదువుకోవచ్చని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

ఊరి బడిలో వేస్తే పిల్ల రాత్రికి అమ్మ పక్కనే పడుకుంటుంది. పక్కింటి పిల్లలు ఇప్పటికే పేరు పెట్టి పిలవడం మానేసి భుజం తడుతున్నారు, ఎవరూ నేర్పకుండానే. కానీ సారు బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదాలు కనపడవు. పాఠం అక్కడితో సరి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రం టీచరు ఉన్నా, ఒక్క మనిషి ఎన్ని ఊళ్లు తిరుగుతారు?

బధిరుల పాఠశాలలో వంటమనిషితో సహా అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. మేం చూడ్డానికి వెళ్లిన రోజు భోజనాల దగ్గర ఇద్దరు పిల్లలు చేతులతోనే భలే పోట్లాడుకున్నారు. మా పిల్ల కళ్లార్పకుండా చూసింది. చిక్కల్లా సెలవులకు ఇంటికొచ్చాకే: అక్కకు ఆ భాష రాదు.

నడవలేని పిల్లలైతే ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. ర్యాంపు, వీల్‌చైర్ పట్టే మరుగుదొడ్డి ఉంటే ఊరి బడే మేలు. వినపడని పిల్లకు మాత్రం ముందు భాష కావాలి. నా ఓటు బధిరుల పాఠశాలకే, అక్క కూడా సైగలు నేర్చుకుంటానంటే.