జాగ్రత్త: బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉంటే సూదుల లెక్క మీరే రాసుకోండి

నిన్న సాయంత్రం మా చెల్లెల్నీ పాపనీ ఇంటికి తెచ్చుకున్నాం. పాప పాలు తాగుతోంది, బాగుంది. నాకే నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. ఆస్పత్రి పేరు రాయను. కింద వాళ్లదే మందుల షాపు, పైన ఎన్‌ఐసీయూ, అంటే పసిబిడ్డల ఐసీయూ. అలాంటి చోట పది రోజులు గడిపినవాళ్లకి మిగతాదంతా తెలుసు.

పాప 32 వారాలకే పుట్టింది, బరువు 1400 గ్రాములు. బావగారు ఊళ్లో లేరు. 16 రోజులూ చీటీ పట్టుకుని షాపుకి పరిగెత్తింది మేనమామని నేనే. మొదటి నాలుగు రోజులు బొడ్డులోంచి వేసిన సన్నని గొట్టం, చేతికో క్యాన్యులా, అంటే మందులెక్కించడానికి సూదితో నరంలోకి దించి ఉంచే చిన్న గొట్టం. ఊదా రంగుది, 26 గేజ్, చాలా సన్నది. అంత చిన్న బిడ్డకి నరం దొరకడం ఎంత కష్టమో కళ్లారా చూశాను. దొరికినా ఒకటి రెండు రోజుల్లో లైన్ అవుట్ అయిపోతుంది, అంటే ఆ క్యాన్యులా ఇక పనిచేయదు, మళ్లీ వేయాలి. ఒక్క లైన్ వేయడానికి రెండు మూడు సూదులు పోవచ్చు, తప్పిన సూదిని మళ్లీ వాడకూడదు. ఇదంతా రాత్రి డ్యూటీ నర్సమ్మే ఓపిగ్గా చెప్పింది. ఆమె మీద నాకు కోపం లేదు. గంటకోసారి వచ్చి, సూది ఉన్న చోట వాచిందా, చర్మం తెల్లబడిందా, చల్లగా ఉందా అని వేలితో తడిమి చూసేది.

ఐదో రోజు పిక్ లైన్ వేశారు. చేతి నరంలోంచి గుండె దగ్గరి దాకా వెళ్లే సన్నని గొట్టం అది. చివర సరైన చోట ఉందో లేదో ఎక్స్‌రే తీసి చూసుకున్నారు. దాని డబ్బు వేరే కట్టాం. మాటిమాటికీ పొడవక్కర్లేదన్నారు, సంతోషించాం. ఆ తర్వాత వారం రోజులు పాప ఒంటి మీద వేరే సూది లేదు. చెల్లెలు రోజుకి రెండు సార్లు లోపలికి వెళ్లి పాపని గుండెల మీద పడుకోబెట్టుకునేది, రెండో చేయీ కాళ్లూ ఖాళీగా ఉండేవి.

కానీ చీటీలు ఆగలేదు. ఆ వారం రోజులూ రోజుకి మూడు క్యాన్యులాలు, 21. ఒక్కోటి 190 రూపాయలు. సంతకం పెట్టి, డబ్బు కట్టి, కవరు లోపల ఇచ్చి వచ్చింది నేనే. చదువుకున్నవాణ్ణి, ఒక్క రోజైనా చీటీ సరిగ్గా చూడలేదు. నిజం చెప్పాలంటే ఒకసారి అనుమానం వచ్చింది. అడిగితే బిడ్డని సరిగ్గా చూడరేమోనన్న భయంతో నోరు మూసుకున్నాను. ఆ భయాన్ని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే మండుతోంది.

డిశ్చార్జి రోజు బిల్లింగ్ కౌంటర్‌లో మర్యాదగానే అడిగాను. ‘వాడనివి ఉంటే వెనక్కి తీసుకోండి సార్, లేదా వాడినట్టు కేస్ షీట్‌లో చూపించండి’ అన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు. ‘బిడ్డ బతికి ఇంటికెళ్తోంది కదా, ఇంకా సూదులు లెక్కపెడతారేంటి?’ అన్నాడు. నా వెనకే మా చెల్లెలు, ఒళ్లో పాప. వరసలో ఉన్న వాళ్లందరూ విన్నారు. ‘పోనీలే అన్నయ్యా, పద’ అంది చెల్లెలు. ఏదో తప్పు చేసినట్టు తల వంచుకుంది. ఆ బిడ్డ కోసం 16 రోజులు కుర్చీలో కూర్చుని నిద్రపోయిన మనిషి తల వంచుకోవాల్సి వచ్చింది. నాలుగు వేలు పోతే పోయాయి, ఆ మాట పోవడం లేదు.

ఇంటికొచ్చే దారిలో బయట మందుల షాపులో అదే కంపెనీ క్యాన్యులా అడిగితే 60 అన్నారు. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఎక్కువే ఉంటుంది, ఆస్పత్రికి వచ్చే ధర వేరు. 2018లో ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు చూసి, లాభం కొన్ని వైద్య సామగ్రి మీద 1737 శాతం దాకా ఉందని మందుల ధరల సంస్థ ఎన్‌పీపీఏ చెప్పింది. అప్పట్లో పేపర్లో చదివి మర్చిపోయాను.

మీరైనా ప్రతి చీటీకీ ఫోటో తీసుకోండి. ఈ రోజు ఎన్ని వాడారు, ఎన్ని మిగిలాయి అని సాయంత్రం అడగండి, సీలు తీయనివి ఆ రోజే వెనక్కి ఇవ్వండి. సూది చుట్టూ ప్లాస్టర్ మొత్తం కప్పేస్తే, వేళ్లు కనపడేలా వేయమని చెప్పండి. రాతపూర్వకంగా అడిగితే కేస్ షీట్ కాపీ 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఇంకొకటి, జిల్లా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఎస్‌ఎన్‌సీయూలు, అంటే పసిబిడ్డల ప్రత్యేక వైద్య విభాగాలు ఉన్నాయి, అక్కడ పసిబిడ్డలకి వైద్యం, మందులు ఉచితం. కంగారులో మేం అటు వైపు కనుక్కోను కూడా లేదు.

కేస్ షీట్ కోసం ఉత్తరం రాసి పెట్టుకున్నాను. పొద్దున పది గంటలకి ఆ కౌంటర్‌లోనే ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వస్తాను.