ఇంటరా, పాలిటెక్నిక్కా: పది తర్వాత ఏది మేలు?

పది ఫలితాలు రాకముందే నాకు ఫోన్లు మొదలవుతాయి. నేను హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతాను. "సార్, మావాణ్ని ఇంటర్లో వేయాలా, పాలిటెక్నిక్‌లో వేయాలా?" అని ఏటా కనీసం ఇరవై ముప్పై మంది అడుగుతారు. ఇంతకుముందైతే పిల్లాడి మార్కులు గుర్తు చేసుకుని వెంటనే చెప్పేసేవాణ్ని. బాగా చదివేవాడైతే ఇంటర్, ఓ మాదిరిగా చదివేవాడైతే పాలిటెక్నిక్. ఇప్పుడు అలా చెప్పను. మా పెద్దవాడు ఇంటర్ ఎంపీసీ చదివాడు. పోయినేడు మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకుంది. రెండూ ఇంట్లోనే చూశాక, నేను అన్నేళ్లు చెప్పిన సలహా తప్పని తెలిసింది.

డాక్టర్ కావాలనుకునే పిల్లలకు మామూలు దారి ఇంటర్ బైపీసీయే. సీఏ, లా, డిగ్రీ అని ముందే అనుకున్నవాళ్లకు కూడా ఇంటరే. కాబట్టి ఇది ఇంజినీరింగ్ వైపు చూస్తున్న పిల్లల సంగతి.

పాలిటెక్నిక్‌లో చేసే కోర్సునే డిప్లొమా అంటారు. ముందు అందరూ అనే మాట ఒకటి తీసుకుందాం: "డిప్లొమా మూడేళ్లు, ఇంటర్ రెండేళ్లే కదా, ఒక ఏడాది వేస్ట్ అయిపోతుంది." అవదు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపి ఆరు. డిప్లొమా మూడేళ్లు చేసి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు, అక్కడ ఇంకో మూడేళ్లు. అదీ ఆరే. మధ్యలో పరిశ్రమలో శిక్షణ ఉండే కొన్ని శాండ్‌విచ్ కోర్సులు మాత్రం మూడున్నరేళ్లు ఉంటాయి, ఆప్షన్ పెట్టేటప్పుడు అది ఒక్కటి చూసుకోవాలి. మిగతా వాటిలో ఇద్దరూ బీటెక్ పట్టా అందుకునేది ఒకే ఏడాది.

కాలం సమానమైనప్పుడు ఇక చూడాల్సింది ఏమిటి? నా లెక్కలో ఒకటే. మధ్యలో ఆగాల్సి వస్తే పిల్లల చేతిలో ఏముంటుంది?

ఈ మాట తల్లిదండ్రులకు నచ్చదు. పిల్లాడు చేరకముందే ఆగిపోవడం గురించి మాట్లాడతారేంటి సార్ అంటారు. కానీ నేను పాఠం చెప్పే పిల్లల ఇళ్లు నాకు తెలుసు. నాన్న మంచాన పడినా, పొలం రెండేళ్లు వరసగా పోయినా, అక్క పెళ్లికి అప్పు పెరిగినా ముందు ఆగేది చదువే.

ఏడెనిమిదేళ్ల కిందట నా దగ్గర చదివిన ఇద్దరి గురించి చెబుతాను. అబ్బాయికి పదిలో లెక్కల్లో తొంభై దాటాయి. ఇంటర్ ఎంపీసీ కూడా బాగానే పాసయ్యాడు. ఎంసెట్ కౌన్సెలింగ్ మొదలయ్యే సమయానికి లారీ నడిపే వాళ్ల నాన్నకు యాక్సిడెంట్ అయింది. వాడు ఆప్షన్లు పెట్టలేదు. సెల్‌ఫోన్ షాపులో చేరాడు, ఇప్పటికీ అలాంటి పనుల్లోనే ఉన్నాడు. ఏ ఉద్యోగానికి వెళ్లినా అర్హత దగ్గర "ఇంటర్" అని రాసి, వేలమందితో లైన్లో నిలబడాలి. కానిస్టేబుల్, కేంద్ర ప్రభుత్వ క్లర్కు పోస్టులకు పెట్టే సీహెచ్‌ఎస్‌ఎల్ లాంటివి ఉన్నాయి, కాదనను. కానీ వాడు రెండేళ్లు తలబద్దలు కొట్టుకున్న ఇంటిగ్రేషన్, ఆర్గానిక్ కెమిస్ట్రీ వాటిలో అక్కరకు రాలేదు.

అమ్మాయి ఎలక్ట్రికల్ డిప్లొమా. వాళ్లింట్లోనూ డబ్బు దగ్గరే ఆగింది, కాకపోతే మూడో ఏడాది అయ్యాక. ఒక కంపెనీలో ఏడాది అప్రెంటిస్‌గా చేరింది, స్టైపెండ్ ఇచ్చారు. తర్వాత ఇంకో ఏడాది అక్కడే ఉద్యోగం. ఇల్లు కుదుటపడ్డాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరింది. ఆ అమ్మాయి ఆ అబ్బాయికంటే తెలివైనదేమీ కాదు. లెక్కల్లో వాడే మెరుగు. తేడా అంతా వాళ్లు ఆగిన చోట ఉంది.

డిప్లొమా చేతిలో ఉంటే రైల్వేలో జూనియర్ ఇంజినీర్ పోస్టుకి, కేంద్ర స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే జూనియర్ ఇంజినీర్ పరీక్షకి (ఎస్‌ఎస్‌సీ జేఈ) దరఖాస్తు చేయొచ్చు. రాష్ట్ర సర్వీస్ కమిషన్ వేసే అసిస్టెంట్ ఇంజినీర్ పోస్టులకు కూడా డిప్లొమానే అర్హత. దానికి పైన ఉండే అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ (ఏఈఈ) అంటే మాత్రం ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి. ఈ నోటిఫికేషన్లు ఏటా వస్తాయని కాదు, వచ్చినప్పుడు పోటీ కూడా గట్టిగానే ఉంటుంది. అయినా పద్దెనిమిది పందొమ్మిదేళ్లకు ఇంజినీరింగ్ పోస్టుకి అర్హత ఉండటం చిన్న విషయం కాదు.

ఇక ఇంటర్ వైపు. దానికీ బలమైన కారణం ఉంది, అది నాకు మావాడి వల్ల తెలిసింది. ఎంపీసీలో చేరేటప్పుడు వాడికి కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకో మాట లేదు. సెకండియర్ దసరా సెలవుల్లో ఇంటికొచ్చి, ఇంజినీరింగ్ వద్దు నాన్నా, డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతానన్నాడు. రెండు రోజులు ఇంట్లో గొడవ, తర్వాత సరే అన్నాం. ఎంపీసీ కాబట్టి దేనికీ అడ్డం రాలేదు. అదే డిప్లొమా రెండో ఏడాదిలో ఈ మాట అని ఉంటే మాకు చాలా కష్టమయ్యేది. ఇంటర్ అడిగిన ప్రతిచోటా డిప్లొమా చెల్లదు, ఒక్కో నోటిఫికేషన్ చదువుకుని వెతుక్కోవాలి. పదిహేనేళ్ల పిల్లను పట్టుకుని సివిలా, మెకానికలా, ఎలక్ట్రానిక్సా అని అడగడం కూడా ఎక్కువే. తనకేం కావాలో ఇంకా తెలియని పిల్లలకు ఇంటర్ రెండేళ్ల గడువు ఇస్తుంది. ఎంపీసీ చదివితే బీటెక్కే కాదు, ఆర్కిటెక్చర్, బీఎస్సీ, సైనికాధికారులను తయారుచేసే ఎన్‌డీఏ, ఐదేళ్ల లా, అన్నీ తెరిచే ఉంటాయి. ఐఐటీ కల ఉన్న పిల్లలకు కూడా ఇంటరే మేలు. అక్కడ డిప్లొమాతో రెండో ఏడాదిలో చేరే పద్ధతి లేదు.

లెక్కల టీచర్‌గా ఒక హెచ్చరిక కూడా చేయాలి. డిప్లొమా తీసుకున్న పిల్లలు చాలామంది దెబ్బతినేది ఈసెట్‌లో, ఆ తర్వాత బీటెక్ రెండో ఏడాదిలో. ఈసెట్ 200 మార్కులకు ఉంటుంది. అందులో 100 వాళ్ల బ్రాంచి సబ్జెక్టుకి, 50 లెక్కలకి, 25 ఫిజిక్స్‌కి, 25 కెమిస్ట్రీకి. బ్రాంచి సబ్జెక్టు మూడేళ్లుగా చదువుతున్నదే కాబట్టి అక్కడ అందరూ ఇంచుమించు ఒకే దగ్గర ఉంటారు. ర్యాంకు తేలేది ఆ యాభై లెక్కల మార్కుల్లో. ఇంటర్ పిల్లలు రోజూ నాలుగైదు గంటలు లెక్కలు చేస్తారు. డిప్లొమాలో లెక్కలు ఉంటాయి కానీ అంత మోతాదులో ఉండవు. మొదటి ఏడాది పాసైపోయి పుస్తకం పక్కన పడేసినవాళ్లు మూడో ఏడాదిలో డిఫరెన్షియేషన్ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నారు. ఇలా నేరుగా రెండో ఏడాదిలో చేరే లేటరల్ ఎంట్రీ సీట్లు కూడా కొద్దే. మంజూరైన సీట్లలో పదో వంతు, వాటికి మొదటి ఏడాదిలో మిగిలిన ఖాళీలు కలుస్తాయి. అంతే. మంచి కాలేజీలో ఖాళీలు మిగలవు. అందుకే మా అమ్మాయి చేత ఆదివారం ఆదివారం గంటన్నర లెక్కలు చేయిస్తున్నాను. డిప్లొమాలో వేసే ప్రతి తల్లీతండ్రీ ఇంటర్ లెక్కల పుస్తకం ఒక సెట్ కొని ఇంట్లో పెట్టుకోవాలని నా కోరిక.

అయినా నేను మా అమ్మాయిని అటే ఎందుకు పంపాను? తను చేతులతో నేర్చుకునే పిల్ల. ఇంట్లో మిక్సీ ఆగిపోతే విప్పి చూసేది. మొదటి ఏడాది వర్క్‌షాప్‌లో ఫిట్టింగ్ అని ఒకటుంటుంది. అరచేతిలో పట్టేంత ఇనప ముక్క ఇస్తారు. వైస్‌లో బిగించి, ఆకురాయితో నాలుగు అంచులూ రాసి రాసి, ఒకదానికొకటి సరిగ్గా లంబంగా తేవాలి. లంబకోణం సరిచూసే ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకి ఎదురుగా పెడితే మధ్యలోంచి వెలుగు కనపడకూడదు. వెంట్రుకంత సందు ఉన్నా మళ్లీ మొదలు. మా అమ్మాయి మూడు క్లాసులు దాంతోనే గడిపింది. అరచేతి మొదట్లో బొబ్బలు. నాలుగో రోజు ఆ ముక్కను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, ట్యూబ్‌లైట్ కింద నాకు చూపించింది. వెలుగు రాలేదు. తొంభై డిగ్రీలు అని నేను బోర్డు మీద ఇరవై ఏళ్లుగా గీస్తున్నాను, అది ఎంత కష్టమో ఆ రాత్రి తెలిసింది నాకు. పదో తరగతిలో త్రికోణమితి అంటే నిద్రపోయే పిల్ల ఇప్పుడు కొలతల గురించి భోజనాల దగ్గర మాట్లాడుతోంది.

అందరు పిల్లలూ ఇలా ఉండరు. పుస్తకం ఇస్తే చాలు, గంటలు గంటలు కూర్చుని చేసేవాళ్లుంటారు. వాళ్లకు ఇంటరే హాయి. రెసిడెన్షియల్ ఇంటర్‌లో తెల్లారకముందు స్టడీ అవర్, రాత్రి పదికి స్టడీ అవర్, వారం వారం టెస్టులు, గోడ మీద ర్యాంకులు. తట్టుకునే పిల్లలు ఉన్నారు, తట్టుకోలేక లోలోపల కుంగిపోయే పిల్లలూ ఉన్నారు. మీ పిల్లలు ఎలాంటివాళ్లో నాకంటే మీకే తెలుసు, దయచేసి అది చూసి వేయండి. పాలిటెక్నిక్‌లో ఆ టెన్షన్ లేదు, కానీ వెంటపడి చదివించేవాళ్లూ ఉండరు. హాజరు 75 శాతం ఉండాలన్నదే గట్టి నిబంధన. పదిహేనేళ్లకే అంత స్వేచ్ఛ దొరికి బ్యాక్‌లాగులు పేర్చుకున్నవాళ్లను చూశాను.

ఖర్చు సంగతి రెండు మాటల్లో. ప్రభుత్వ పాలిటెక్నిక్‌ని, ప్రభుత్వ జూనియర్ కాలేజీని పోల్చితే పెద్ద తేడా లేదు, రెండూ అందుబాటులోనే ఉంటాయి. ప్రైవేటు రెసిడెన్షియల్ ఇంటర్ ఏడాదికి లక్ష దాటుతుంది. ఆ లక్షలు అప్పు చేసి తెచ్చేవైతే, నేను పైన చెప్పిన ఆగిపోవడం గురించి ఇంకోసారి ఆలోచించండి.

ట్రిపుల్ ఐటీ గురించీ అడుగుతారు. బాసర, నూజివీడు, ఇడుపులపాయ లాంటి ఆర్జీయూకేటీ క్యాంపస్‌లలో పది మార్కుల మీదే సీటు, ఆరేళ్లూ అక్కడే, ఇంటర్‌కి బదులు రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. సర్కారు బడిలో చదివి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలైతే తప్పకుండా దరఖాస్తు పెట్టాలి, సీటొస్తే ఇక ఈ చర్చ అక్కర్లేదు. ఐటీఐ త్వరగా పనిలో చేరాల్సినవాళ్లకు, తర్వాత అక్కణ్నుంచి డిప్లొమాలోకి వచ్చే దారి కూడా ఉంది. ఒకేషనల్ ఇంటర్ నేను ఎవరికీ ఇంతవరకు సలహా ఇవ్వలేదు.

మొన్న ఆటో నడిపే ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు. "సార్, ఇంటర్ అంటే బంధువుల్లో గౌరవంగా ఉంటుంది. పాలిటెక్నిక్ అంటే మార్కులు రాలేదా అంటున్నారు" అన్నారు. నేను పిల్లాణ్నే అడిగాను, "ఏం నాన్నా, నీకేం ఇష్టం?" అని. కరెంటు పని అంటే ఇష్టం సార్, మా బాబాయితో వెళ్తుంటాను అన్నాడు, తల దించుకుని. ఆయనకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. ఎలక్ట్రికల్ డిప్లొమా వేయండి, లెక్కలు నేను చెబుతాను, ఆదివారం మా అమ్మాయితో పాటు పంపండి అన్నాను.

ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఇంకా తేల్చుకోలేకపోయినా సరే, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్‌కి ఫీజు కట్టేయండి. దరఖాస్తు గడువు చాలాసార్లు పది ఫలితాలకంటే ముందే అయిపోతుంది, ఫలితాలు చూసి ఆలోచిద్దాం అనుకున్నవాళ్లు ప్రతి ఏడాదీ మిస్సవుతున్నారు. ఇంజినీరింగ్ డిప్లొమా ర్యాంకుకి 120 మార్కులు లెక్కలోకి వస్తాయి, అంతా పదో తరగతి సిలబస్సే. ఆంధ్రాలో లెక్కలకు 50, తెలంగాణలో 60. కొత్తగా చదవాల్సింది ఏమీ లేదు, పబ్లిక్ పరీక్షలకు చదివింది మరిచిపోకుండా ఉంటే చాలు. సీటు వచ్చాక వెళ్లాలా వద్దా అన్నది అప్పుడు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు, ఈసారి పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని.