పెన్నా మొగలో జెట్ మోటరు: వాడి చూశాక

ముందే చెప్పేస్తాను. మోకాటి లోతు కూడా లేని నీళ్లలో రోజూ తిరగాల్సిన పని ఉంటే తప్ప, పంకా లేకుండా నీళ్లు చిమ్మి పడవను తోసే ఈ జెట్ మోటరు జోలికి పోకండి. నాకు ఆ పని ఉంది. అందుకే తిట్టుకుంటూ అయినా దాన్నే వాడుతున్నాను.

మా రొయ్యల గుంటలు ఊటుకూరు వైపు, పెన్నా సముద్రంలో కలిసే మొగకు దగ్గర్లో ఉన్నాయి. 25 కిలోల మేత బస్తాలు, కూలీలు, ఏరేటర్ సామాన్లు అన్నీ ఏటి మీదే పోవాలి. 2021 నవంబరు వరద తర్వాత మా పాత దారంతా ఇసుక మేటలు వేసింది. పాటు వేళ, అంటే సముద్రపు నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, మోటరు పంకా (ప్రొపెల్లర్) ఇసుకను గీరుతూ పోయేది, రెక్కలు అరిగి వంగిపోయేవి. 14 అడుగుల చదును అడుగు అల్యూమినియం పడవ, 40 హార్స్‌పవర్ మోటరు అప్పటికే నా దగ్గర ఉన్నాయి. మోటరు కింది గేర్ భాగం విప్పేసి ఆ చోట జెట్ పంపు బిగించాం. పైన ఇంజను పాతదే.

ఇది అడుగున ఉన్న జాలీ గుండా నీళ్లు పీల్చి, లోపల తిరిగే రెక్కల చక్రం (ఇంపెల్లర్)తో వెనక్కి చిమ్ముతుంది. న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ 1950ల్లో పడవలకు జెట్ పంపులు పెట్టింది అక్కడి లోతులేని గులకరాళ్ల నదుల కోసం. మనకు గులకరాళ్లు లేవు, ఇసుక ఉంది. జెట్‌తో మనకొచ్చే తిప్పలు సగం దానివల్లే.

బిగించేటప్పుడు అసలు సంగతి ఎత్తు. మాకు బిగించిన మెకానిక్ పంకా మోటరు అలవాటుతో మామూలు ఎత్తులోనే పెట్టి వెళ్లాడు. జాలీ పడవ అడుగు కంటే బాగా కిందికి వేలాడింది. థ్రాటిల్ ఇస్తే నీళ్లు ఎగజిమ్మడమే గానీ పడవ లేవలేదు. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న పెద్దాయన "ఏంది సామీ, పొలానికి నీళ్లు పెట్టను తెచ్చినావా?" అన్నాడు. నవ్వక ఏం చేస్తాం!

జెట్‌ను పంకా మోటరు కంటే అర అడుగు దాకా పైకి ఎత్తాల్సి వస్తుంది. వెనక పలక మీద ఎత్తు దిమ్మె వెల్డింగ్ చేయించి, పడవ అడుగుకు ఆనించి ఒక నిటారు బద్దను వెనక్కి పట్టి చూశాం. జాలీ ముందంచు ఆ బద్దకు సమానంగా, లేదా రవ్వంత కిందుగా ఉండాలి. అక్కణ్నుంచి పావు అంగుళం చొప్పున పైకి జరుపుతూ నీళ్లలో నడిపి చూడాలి. మలుపులో గాలి పీల్చుకుని ఇంజను ఒక్కసారిగా గొంతు పెంచి, పడవ మాత్రం ముందుకు పోకపోతే ఎత్తు ఎక్కువైనట్టు. ఒక మెట్టు దించి బోల్టులు బిగించేయండి. ఈ పనికి ఓ పూట పోతుంది, పోనివ్వండి.

ఇంకొకటి ఉంది, దీని గురించి మాకెవరూ చెప్పలేదు. పడవ అడుగున మధ్యలో కీల్ పట్టీ ఉంటే అది నురగ లేపి నేరుగా జాలీలోకి పంపుతుంది. వెనక మూడు అడుగుల మేర దాన్ని కోయించి, చిల్లులు వెల్డింగుతో మూయించాక గాని మాకు పట్టు దొరకలేదు. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ ముందుకు జరపడం కూడా కలిసొచ్చింది. వెనక బరువెక్కువైతే జెట్ పడవ నీళ్ల మీదికి లేవదు.

బలం తగ్గుతుంది, అందులో దాపరికం లేదు. 40 హార్స్‌పవర్ ఇంజనుకు జెట్ పెడితే 28 చేతికొచ్చినట్టు అనుకోండి. పెట్రోలు నాకైతే పాతదానికి ఒకటిన్నర రెట్లు తాగుతోంది. రివర్స్ పేరుకే. థ్రాటిల్ వదిలేస్తే స్టీరింగ్ కూడా పనిచేయదు, కాబట్టి రేవుకు వచ్చేటప్పుడు కొత్త సరంగుకు టెన్షనే. బదులుగా, వేగం అందుకున్నాక జానెడు నీళ్ల మీద కూడా సర్రున దాటేస్తుంది. ఆ సుఖం కోసమే ఇదంతా. అయితే మేట మధ్యలో ఆగారో, పడవ కిందికి దిగిపోతుంది. అక్కడే స్టార్ట్ చేస్తే పంపు ఇసుకను మింగుతుంది. రెండడుగుల నీళ్లు దొరికేదాకా గడకర్రతో తోసుకుపోవడమే మేలు.

ఇసుక ఇంపెల్లర్ అంచులను మొద్దుబారుస్తుంది, దాని చుట్టూ ఉండే గొట్టం లాంటి లైనర్‌కూ దానికీ మధ్య సందు పెంచుతుంది. ఆ సందు సుమారు 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. ఇంజను మోత పెరిగి వేగం తగ్గిందంటే విప్పి చూడాలి. ఇంపెల్లర్ కింద ఉన్న పల్చటి వాషర్లలో ఒకటి తీసి పైకి మారిస్తే ఇంపెల్లర్ లైనర్ ఇరుకు భాగంలోకి దిగి సందు తగ్గుతుంది. అంచులకు ఆకురాయి మనమే పెట్టుకోవచ్చు. బేరింగుకు గ్రీజు మాత్రం పది గంటల వాడకానికి ఒకసారి, కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాల్సిందే.

ఇసుక కంటే నన్ను ఎక్కువ విసిగించింది మాత్రం చెత్త. గుర్రపుడెక్క వేళ్లు, ప్లాస్టిక్ కవర్లు, తెగిన నైలాన్ వల ముక్కలు జాలీకి అతుక్కుంటే పడవ ఏటి మధ్యలో నిలబడిపోతుంది. ఇంజను ఆపాకే చెయ్యి పెట్టండి. మా కుర్రాళ్లకు ఈ మాట ఇప్పటికీ రోజూ చెబుతాను.

మొగలో ఉప్పునీళ్లు కాబట్టి ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగడం, మోటరు లోహం బదులు తామే తుప్పుకు అరిగిపోయే జింకు కడ్డీలు అరిగితే మార్చడం తప్పదు. పెయింటర్ చెక్క పడవలకు వేసే రాగి రంగు వేస్తానంటే వద్దనండి, రాగి తగిలితే ఉప్పునీళ్లలో అల్యూమినియం తినేస్తుంది.

సోమశిల జలాశయంలోనో, నెల్లూరు, సంగం బ్యారేజీల ఎగువన నిలవ నీళ్లలోనో తిరిగేవాళ్లకు ఇది దండగ. అక్కడ పంకానే మేలు. లోతులేని చోట నిదానంగా పోతే చాలనుకునేవాళ్లు పొడవాటి కడ్డీ చివర పంకా ఉండే లాంగ్ టెయిల్ ఇంజను చూడండి, ఖర్చు తక్కువ, ఊళ్లోనే బాగుచేస్తారు. జెట్టే కావాలనుకుంటే ఒక లైనర్, ఒక ఇంపెల్లర్, ఒక సెట్ వాషర్లు మోటరుతో పాటే కొనిపెట్టుకోండి. మాకు లైనర్ అరిగినప్పుడు కొత్తది వచ్చేదాకా మేత బస్తాలు నెత్తిన మోయించాను.