నెలనెలా ఆదాయమిచ్చే ఫామ్ ప్లాటు అంటున్నారా? సంతకం పెట్టే ముందు ఇది చదవండి

జహీరాబాద్ వైపు ఫామ్ ప్లాటు కొనాలనుకుంటున్నవారు, ముఖ్యంగా "ప్లాటు మీది, పర్యాటకులను తెచ్చే పూచీ మాది" అన్న మాటకు మొగ్గు చూపుతున్నవారు దయచేసి కాస్త ఆగండి. ఆ మాట నమ్మి మేము 12 లక్షలు పెట్టాం. మా వారు రిటైరైనప్పుడు చేతికి వచ్చిన డబ్బు అది.

మాకు అమ్మింది ఐదు గుంటలు. గుంటకు 121 గజాల లెక్కన 605 గజాలు. అందులో మామిడి మొక్కలు, డ్రిప్పు, ఒక మూల చెక్క కాటేజీ. శని, ఆదివారాల్లో నగరం నుంచి కుటుంబాలు వచ్చి బస చేస్తాయని, అద్దెలో మా వాటా నెలకు 12 వేలు ఖాయమని చెప్పారు. చూపించడానికి వాళ్ల బస్సులోనే తీసుకువెళ్లారు. ఎడ్లబండి ఎక్కించారు, కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేయించి పెట్టారు. సొంత ఊరిలో పొలం అమ్ముకుని ముప్పై ఏళ్లయిన మా వారు ఆ రోజు పగ్గాలు పట్టుకుని బండి తోలారు. ఆయన ముఖం చూశాక నేను ఇంకేమీ అడగలేకపోయాను.

నాలుగు నెలలు డబ్బు పడింది. ఐదో నెల ఆగిపోయింది. ఫోను చేస్తే సీజన్ కాదన్నారు. ఒక ఆదివారం చెప్పకుండా మేమే వెళ్లాం. గేటుకు తాళం. కాపలా పెద్దాయన గుర్తుపట్టి తీశాడు. బండి గోడకు ఆనించి ఉంది. ఎడ్లేవని అడిగితే, "అవి పక్క ఊరివమ్మా, కొనేవాళ్లు వచ్చే రోజున కిరాయికి తెస్తారు" అన్నాడు. మామిడి అంట్లకు నర్సరీ చీటీలు అలాగే వేలాడుతున్నాయి, మొక్కలు మాత్రం ఎండి పుల్లలయ్యాయి. డ్రిప్పు గొట్టం వెంట నడుచుకుంటూ పోతే అది బోరు దాకా చేరనే లేదు, కొసను మట్టిలో పూడ్చేశారు. ఆ ఐదు నెలల్లో ఒక్క కుటుంబం కూడా బస చేయలేదని ఆ పెద్దాయనే చెప్పాడు. అద్దె అని మాకు పంపింది మా డబ్బే అని అప్పుడు అర్థమైంది.

ఇంటికి వచ్చి కాగితాలు తెలిసిన లాయరుకు చూపించాం. రిజిస్ట్రేషన్ అయింది హద్దులున్న ఐదు గుంటలకు కాదు, మొత్తం భూమిలో అవిభక్త వాటాకు. కాటేజీలు కట్టిన స్థలానికి నాలా మార్పిడి (సాగుభూమిని వ్యవసాయేతర వాడకానికి మార్చే అనుమతి) లేదు, రికార్డుల్లో అది ఇప్పటికీ సాగుభూమే. నెలసరి ఆదాయం ఒప్పందం భూమి అమ్మినవారితో కాకుండా వేరే పేరున్న ఇంకో సంస్థతో ఉంది. వ్యవసాయ భూమి కాబట్టి రెరా (ప్లాట్లు, ఇళ్ల అమ్మకాలను నియంత్రించే చట్టం) వర్తించదని మాకు ధైర్యం చెప్పారు. కాటేజీలు కట్టి ముక్కలుగా అమ్మేచోట ఆ మాట అమ్మేవారి నోట విని ఊరుకోకండి, రెరా కార్యాలయంలోనే అడగండి.

వ్యవసాయ పర్యాటకమే మోసమని నేను అనడం లేదు. మహారాష్ట్రలో బారామతి వైపు రైతులు ఏళ్ల తరబడి నడుపుతున్నారు, 2020లో అక్కడి ప్రభుత్వం దానికి ఒక విధానమే తెచ్చింది. చలికాలంలో లేత జొన్న కంకులు నిప్పుల మీద కాల్చి, గింజలు నలిచి పెడితే తినడానికి పట్నాల నుంచి జనం వెళతారు. అక్కడ రైతు పొలంలోనే ఉంటాడు. పంట మీద వచ్చేది వస్తుంది, అతిథులు ఇచ్చేది దానికి తోడవుతుంది. మాకు అమ్మినచోట రైతూ లేడు, పంటా లేదు.

చూడబోయేవారు వాళ్ల బస్సు ఎక్కకండి. చెప్పకుండా, ఏదో ఒక మామూలు ఆదివారం సొంతంగా వెళ్లండి. బస చేసినవారి రిజిస్టరు అడగండి. మోటారు వేయించి నీళ్లు చివరి మొక్క దాకా పారుతున్నాయో లేదో నిలబడి చూడండి. సర్వే నంబరు తీసుకుని ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం) తెప్పించండి, మీ వాటా హద్దులతో సహా దస్తావేజులో ఉంటేనే డబ్బు కట్టండి.

మేము పదకొండు మంది కలిసి పోలీసుల ఆర్థిక నేరాల విభాగంలో ఫిర్యాదు ఇచ్చాం. ఇలాగే కొని ఆదాయం ఆగిపోయినవారు ఉంటే రసీదులు, బ్యాంకు ఖాతా వివరాలు, ముఖ్యంగా వాళ్లు పంచిన రంగుల బ్రోచరు పారేయకండి. మా బ్రోచరులో నెలకు 12 వేలు అని అచ్చువేసి ఉంది, ఫిర్యాదుకు మొదట జతచేసింది ఆ కాగితమే.